కథలు చెబుతూ తిరిగే దేవుడు, ఆయన చెప్పిందే విధి: నా కల్పనలో లోపం ఎక్కడుంది?

మట్టిబాట:

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఒక పెద్ద ఫాంటసీ నవల రాస్తున్నాను. 11 అధ్యాయాలు అయ్యాయి, అక్కడ ఆగిపోయాను. కొంచెం పొడుగ్గా రాయక తప్పడం లేదు, ఓపిగ్గా చదవండి.

నా లోకంలో ఒక దేవుడున్నాడు. పేరు ఊసులయ్య. గుడి లేదు, పూజారి లేడు, విగ్రహం లేదు. మాసిన దుప్పటి కప్పుకుని, నడుముకి ముళ్లు వేసిన తాడు చుట్టుకుని, సంజె వేళకి ఎవరో ఒకరి గడప దగ్గరికి వస్తాడు. ఆ రాత్రికి చోటిచ్చిన వాళ్లకి ఒక కథ చెబుతాడు. కథలో పేర్లు వేరు, ఊరు వేరు, కానీ అది వింటున్న మనిషి కథే. తెల్లారేసరికి వెళ్లిపోతాడు, తాడుకి ఇంకో ముడి పడుతుంది. కొన్నాళ్లకి ఆయన చెప్పింది చెప్పినట్టే జరుగుతుంది. అంటే కథల దేవుడూ విధి దేవుడూ ఒక్కడే. విధి అంటే ముందుగా చెప్పేసిన కథ, అంతే, అన్నది నా ఆలోచన. నవలంతా దాని మీదే నిలబెట్టాను.

ముఖ్య పాత్ర ఒక పడవమ్మాయి. నాన్న పోయాక రేవులో పడవ తనే నడుపుతోంది. ఊసులయ్య వాళ్లింట్లో పడుకున్న రాత్రి చెప్పిన కథ ఇది: పడవ నడిపే ఒక మనిషి చీకట్లో, ఎవరో తెలియని వాణ్ణి ఏరు దాటించింది, ఆ పడవ మళ్లీ రేవుకి రాలేదు. పిల్ల భయపడుతుంది. ఇక చీకటి పడ్డాక పడవ తియ్యనని ఒట్టు పెట్టుకుంటుంది. ఎవరు పిలిచినా తియ్యదు. చివరికి ఒక వరద రాత్రి, అవతలి ఒడ్డున ఎవరో అరుస్తుంటే విని ఉండలేక తీస్తుంది. పడవ పోతుంది. ఆమె దాటించబోయిన మనిషి, చిన్నప్పుడు ఇల్లొదిలి వెళ్లిపోయిన సొంత అన్న. గుర్తుపట్టలేదు.

ఈ ఘట్టం రాస్తూ నేనే ఏడ్చాను. కానీ చదివిన ఇద్దరు స్నేహితులూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, ఒకే మాట అన్నారు. రెండో ఊళ్లోనే మాకు తెలిసిపోయింది, ఆయన చెబితే జరుగుతుందని, ఇంక ఆ పిల్ల ఒట్టు పెట్టుకుంటే ఏం, పెట్టుకోకపోతే ఏం, టెన్షన్ ఎక్కడుంది అని. నాకు జవాబు తోచలేదు, వాళ్లన్నది నిజమేనని లోపల తెలుస్తూనే ఉంది.

ఆయన శక్తి తగ్గించాలా? చెప్పిన వాటిలో కొన్ని జరక్కుండా చెయ్యాలా? అలా చేస్తే విధి అన్న మాటకే అర్థం పోతుంది కదా. పోనీ ఆయన్ని చెడ్డవాణ్ణి చేసి ఆ అమ్మాయి చేత ఎదురు తిరిగించాలా? అది మాత్రం చెయ్యలేను. ఆయనంటే నాకు ప్రేమ. ఎవరైనా ఇలాంటి దేవుణ్ణి రాసి ఉంటే, లేదా పురాణాలు బాగా చదివిన వాళ్లుంటే, ఎక్కడ పట్టు తప్పిందో చెప్పండి.


కంచెమీది పిట్ట:

శక్తి ఎక్కువై చెడిపోయిన కథ కాదండి ఇది. మీ దేవుడికి మూడు గుణాలు పెట్టారు. కథ, విధి, తిరగడం. మొదటి రెండూ కలిపి ముడేశారు, ఆ ముడి బాగుంది. మూడోది మాత్రం దుప్పటిలాగే పైన కప్పి వదిలేశారు. ఆయన తిరక్కుండా ఒక చెట్టు కింద కూర్చుని, జనమే వచ్చి కథ చెప్పించుకుని పోతున్నారనుకోండి, మీ నవలలో ఏం మారుతుంది? మీరు రాసిన దాన్ని బట్టి ఏమీ మారదు. అక్కడుంది లోపం.

పాత కథల్లో ఊరికే తిరిగే దేవుడు పెద్దగా కనబడడు. ఈజిప్టు దేవత ఐసిస్ చనిపోయిన భర్త ఒసైరిస్ శరీరం కోసం తిరిగింది, గ్రీకు దేవత డిమీటర్ కూతురి కోసం తిరిగింది, దొరికాక ఆ తిరగడం ఆగింది. ఉత్తర ఐరోపా పురాణాల్లోని ఓడిన్ తెలుసుకోవడానికి తిరుగుతాడు. వఫ్‌థ్రూడ్నిర్ అనే మహాజ్ఞాని అయిన రాక్షసుడి ఇంటికి మారుపేరుతో వెళ్లి, తలలు పణంగా పెట్టి ప్రశ్నల పందెం ఆడతాడు. అన్నీ తెలిసినవాడైతే ఆ అవసరమే ఉండదు. తెలియని దేవుడు కాబట్టే ఆ గుమ్మం ఎక్కాడు.

ఇక మన నారదుడు. కలహభోజనుడని సినిమాల్లో చూసి చూసి అసలు సంగతి మర్చిపోయాం గానీ, ఆయన ఎందుకు నిలకడగా ఉండడో భాగవతం ఆరో స్కంధంలో ఉంది. దక్షుడు సృష్టి పెంచమని తన కొడుకుల్ని, హర్యశ్వుల్ని, 10,000 మందిని పంపాడు. తపస్సుకి కూర్చున్న వాళ్ల దగ్గరికి నారదుడు వచ్చి కొన్ని చిక్కుమాటలు చెప్పాడు. ఇలా చెయ్యండని చెప్పలేదు, పొడుపు కథల్లాంటి మాటలు విసిరాడు, అంతే. వాళ్లు వాటి అర్థం వాళ్లలో వాళ్లే ఆలోచించుకుని తిరిగి రాని దారి పట్టారు. దక్షుడు ఏడ్చి, మళ్లీ 1,000 మందిని కన్నాడు. శబలాశ్వులు. వాళ్లూ అన్నల దారినే పోయారు. అప్పుడు దక్షుడు శపించాడు, లోకాలన్నీ తిరుగుతున్నా నీకు కాలు నిలిపే చోటుండదని. నారదుడు మారు శాపం పెట్టలేదు. సరేనన్నాడు.

దీన్ని మీ ఊసులయ్య పక్కన పెట్టి చూడండి. మాటతో ఇంకొకళ్ల బతుకు మార్చాడు, మార్చినందుకు సొంత చోటు పోయింది. కథ, విధి, తిరగడం మూడూ ఒకే ఘటనలో కలిసిపోయాయి. మీ దేవుడు నారదుడిలా ఉండాలనడం లేదు. ఆయన ఎందుకు ఆగలేడో మీకు తెలియాలి. పాఠకుడికి చెప్పకపోయినా ఫర్వాలేదు, రాసేవాళ్లకి తెలియకపోతే మాత్రం ప్రతి పేజీలో బయటపడుతుంది.


చివరిపేజీ:

పిట్ట గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటున్నాను. దానికి ఇంకొకటి కలుపుతాను, ఇది నాకు చాలా కాలంగా బుర్రలో తిరుగుతున్న సంగతి.

మనకి విధి అంటే రాత. తలరాత, నుదుటిరాత, రాసిపెట్టి ఉంది, రాసి ఉంటే జరుగుతుంది. అరబ్బీలో మక్తూబ్ అన్నా రాయబడినదనే. అదే లాటిన్‌కి వెళ్తే ఫాటుమ్ అంటారు, అది మాట్లాడటం అన్న ధాతువు నుంచి వచ్చింది, అంటే పలికినది. గ్రీకుల మోయిరా అయితే వాటా, ఎవరికి పంచింది వాళ్లకి. ఒకరికి విధి రాత, ఒకరికి మాట, ఒకరికి వాటా. మీరు మాట్లాడే దేవుణ్ణి పెట్టుకుని, విధిని మాత్రం మనకి అలవాటైన రాతలాగా నడిపిస్తున్నారు. రాసింది మారదు. ఎప్పుడు చూసినా అక్కడే, అలాగే ఉంటుంది. చెప్పింది అలా కాదు. గాలిలో కలుస్తుంది, చెవిలో పడుతుంది, సగం వినబడుతుంది, విన్నవాడి మనసులో ఇంకోలా మిగులుతుంది. మీ దేవుడు నోటితో చెప్పే దేవుడు కాబట్టి ఆయన విధికి నోటిమాటకుండే గుణాలే ఉండాలి. శక్తి తగ్గించడం కాదు ఇది, ఆ శక్తి ఏ పదార్థంతో చేసిందో తేల్చుకోవడం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ ఒకటి చెబుతాను. పాత ఈజిప్టుది. పిల్లల్లేని రాజుకి కొడుకు పుడతాడు. ఏడుగురు హాథోర్ దేవతలు వచ్చి, వీడు మొసలి వల్లో, పాము వల్లో, కుక్క వల్లో పోతాడని చెప్పి వెళ్తారు. రాజు ఎడారిలో రాతి ఇల్లు కట్టించి పిల్లాణ్ణి అందులో ఉంచుతాడు. వాడు ఒకరోజు మేడ మీంచి ఒక మనిషి వెనకాల నడుస్తున్న దాన్ని చూసి అదేమిటంటాడు, కుక్క అంటారు, నాకూ ఒకటి కావాలంటాడు. తండ్రికి పిల్లాడి దిగులు చూడలేక కుక్కపిల్లని ఇప్పిస్తాడు. (ఈ ఒక్క వాక్యం చాలు నాకు, తండ్రి ప్రేమే విధిని ఇంట్లోకి తెచ్చింది.) పెద్దయ్యాక, ఎలాగూ రాసిపెట్టిందేదో ఉంది కదా, నన్ను వదిలెయ్యండని బయల్దేరతాడు. దూరదేశంలో 70 మూరల ఎత్తున్న కిటికీకి ఎగిరి రాజకుమార్తెని గెలుచుకుంటాడు. ఆమెకి తన విధి సంగతి చెబితే, ముందా కుక్కని చంపించు అంటుంది. చిన్నప్పటి నుంచి పెంచాను, చంపలేను అంటాడు. ఆమె రాత్రిళ్లు మేలుకుని కాపలా కాసి, పాముకి గిన్నెలో మద్యం పెట్టి, అది తాగి మత్తులో పడితే నరికేస్తుంది. ఒక గండం గడిచింది. తర్వాత మొసలి దొరకబుచ్చుకుంటుంది, నేనే నీ విధిని అంటుంది, నీటిభూతంతో పోరాడుతున్నాను, నాకు సాయం చేస్తే నిన్ను వదులుతానంటుంది.

అక్కడ పేపిరస్ చిరిగిపోయింది. 3,000 ఏళ్లు దాటిన కాగితం, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, చివరి భాగం లేదు. వాడు బతికాడా, కుక్క చేతిలో పోయాడా, ఎవరికీ తెలియదు. విధి గురించి నేను చదివిన వాటిలో ఇంత ఊపిరి బిగబట్టించే కథ ఇంకోటి లేదు, ఎందుకంటే విధి ఏమిటో మొదటి పేజీలోనే తెలిసినా ముగింపు మాత్రం తెలియదు.

మీ దేవుడు తెల్లారేసరికి వెళ్లిపోతాడని మీరే రాశారు. వెళ్లిపోయేవాడికి ముగింపు ఎలా తెలుస్తుంది?


మట్టిబాట:

చివరిపేజీ గారూ, మీ ఆఖరి వాక్యం చదివి ఫోన్ పక్కన పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అంటే ఆయన కథ మొదలుపెడతాడు, నడుపుతాడు, ముగింపు వచ్చేలోగా తెల్లారిపోతుంది, లేవాలి. ఆయన లోకమంతా సగం కథలే. ఎవరి కథ ఎలా తేలిందో ఆయనకి తెలియదు, తెలుసుకుందామని వెనక్కి రాలేడు, ఎందుకంటే ఒకసారి తొక్కిన గడప మళ్లీ తొక్కడు (ఇది ముందే రాసుకున్న నియమం, ఎందుకు రాశానో నాకే తెలియదు, ఇప్పుడు తెలిసింది). తిరగడం శిక్ష కూడా అయింది, ఆకలి కూడా అయింది. ప్రతి కొత్త ఊళ్లోనూ పాత ఊరి వాళ్లు ఎవరైనా తగులుతారేమో, ఆ పిల్ల ఏమైందో చెబుతారేమో అని అడుగుతాడు.

కానీ ఒక భయం. ముగింపు తెలియని దేవుణ్ణి విధి దేవుడనొచ్చా? జనం ఆయన్ని చూసి ఎందుకు వణకాలి?


నిదానంగా:

నాకు ఇక్కడ నడుస్తున్న దారి నచ్చలేదు, చెప్పేస్తున్నాను. దేవుడికి తెలియదనడం సులువైన తప్పుకోలు. తెలిసీ ఏమీ చెయ్యలేకపోవడంలో ఉన్న బాధ, తెలియకపోవడంలో లేదు.

ట్రాయ్ యుద్ధంలో సార్పెడాన్ చచ్చిపోయే ఘట్టం చూడండి. వాడు గ్రీకు దేవుళ్ల రాజు జ్యూస్ కొడుకు. ఇవాళ పట్రోక్లస్ చేతిలో పోతాడని జ్యూస్‌కి తెలుసు. ఎత్తుకుపోయి బతికించాలా అని అడుగుతాడు, భార్య హేరాతో, గట్టిగానే అడుగుతాడు. ఆమె అంటుంది, నువ్వు నీ కొడుకుని కాపాడుకుంటే తక్కిన దేవుళ్లంతా వాళ్ల కొడుకుల్ని కాపాడుకుంటామంటారు, అప్పుడేమంటావు అని. ఆయన ఇంకేం మాట్లాడడు. నేల మీద నెత్తుటి చినుకులు కురిపిస్తాడు, కొడుకు కోసం, కొడుకు పోకముందే. అది విధికి తల వంచిన దేవుడి దుఃఖం. మీ ఊసులయ్యకి ముగింపు తెలియకుండా చేస్తే ఈ దుఃఖం ఆయనకి దక్కదు, మంచి ముసలాయనగా మిగిలిపోతాడు.

మరి టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుందంటే, వినేవాళ్ల దగ్గర్నుంచి వస్తుంది. లిడియా రాజు క్రోయిసస్ పర్షియా మీదికి యుద్ధానికి వెళ్లాలా వద్దా అని, గ్రీసులో జోస్యం చెప్పే డెల్ఫీ గుడిలో అడిగాడు. వెళ్తే ఒక గొప్ప రాజ్యం నాశనమవుతుందని జవాబొచ్చింది. వెళ్లాడు, నాశనమైంది తన రాజ్యం. తర్వాత మనిషిని పంపి నిలదీస్తే, ఏ రాజ్యం అని నువ్వు మళ్లీ అడగాల్సింది అన్నారు. చెప్పిన మాటలో అబద్ధం లేదు, విన్న తీరులో ఉంది అంతా. పశ్చిమ ఆఫ్రికాలోని యోరుబా వాళ్ల ఎషూ కథ కూడా అంతే, ఆయన ప్రయాణాలకీ నాలుగు దారుల కూడళ్లకీ దేవుడు. ఒక పక్క ఎరుపు, ఒక పక్క నలుపు ఉన్న టోపీ పెట్టుకుని ఇద్దరు స్నేహితుల మధ్య నడిచి వెళ్తాడు, టోపీ రంగు గురించి వాళ్లిద్దరూ కొట్టుకు చస్తారు. ఇద్దరూ చూసింది నిజమే.

అదే యోరుబా వాళ్ల ఇఫా అని ఒక సోది పద్ధతి ఉంది, మీ నవలకి దీనికంటే దగ్గరది నాకు తెలియదు. అందులో 256 ఆకృతులు, ఒక్కోదానికి బోలెడు పద్యాలు, వాటిలో కథలు. అడగడానికి వచ్చిన మనిషి తన కష్టమేమిటో పైకి చెప్పక్కర్లేదు. సోదిచెప్పేవాడు పడిన ఆకృతికి చెందిన కథలు ఒక్కొక్కటే వినిపిస్తూ పోతాడు. వాటిలో ఏది తన కథో ఎంచుకునేది విన్న మనిషే.

అంటే చెప్పేవాడి దగ్గర విధి ఉంది, ఎంపిక మాత్రం వినేవాడిది. మీ పడవమ్మాయి కథ విని "రాత్రిపూట పడవ ప్రమాదం" అని అర్థం చేసుకుంది. ఆమె ఇంకోలా వినొచ్చు. ఆ పడవ మళ్లీ రేవుకి రాలేదు అన్నాడు ఆయన. మునిగిపోయిందని అన్నాడా? అనలేదు కదా.


చివరిపేజీ:

నిదానంగా గారూ, సార్పెడాన్ ఘట్టం గురించి మీరన్నది నిజం, దానికి ఎదురు చెప్పను. కానీ జ్యూస్ పైనుంచి చూస్తున్నవాడు. ఊసులయ్య నేల మీద నడిచేవాడు, కాళ్లకి దుమ్ముంది. పైనుంచి చూసేవాడికి ముగింపు కనిపిస్తుంది, నడిచేవాడికి మలుపు దాకానే కనిపిస్తుంది. నాకు ఈ తేడా ముఖ్యం. ఆఖరి వాక్యాన్ని మళ్లీ వినమన్నారు చూడండి, అది మాత్రం అద్భుతం. "రేవుకి రాలేదు" లోపల రెండు కథలున్నాయి.


గవ్వ:

నాకు ఇంత చదువు లేదు, ఒక్క మాట చెబుదామని వచ్చాను. కింద ఎవరైనా పేరు మార్చమంటే మార్చకండి. ఊసులయ్య చాలా బాగుంది. ఊసు అంటే కబురు, కథ. కానీ ఊసెత్తడం అని కూడా అంటాం కదా, దాని ఊసెత్తకు అని. మీ లోకంలో జనం ఆయన్ని చూసి ఎందుకు వణకాలి అని అడిగారు. ఆయనకి ముగింపు తెలుసని కాదు, ఆయన ఊసెత్తాడు కాబట్టి. ఎవరూ అనుకోని సంగతిని పైకి అనేశాక దాన్ని మళ్లీ అనని దాన్ని చెయ్యలేం. అన్న ఇల్లొదిలి వెళ్లిన సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరనుకోండి, ఏళ్లుగా. ఆయన వచ్చి "ఎవరో తెలియని వాడు" అన్నాడు. ఆ పిల్లకి రాత్రంతా నిద్ర పట్టదు. నాకైతే అదే భయం.


పదోసారి:

పిల్లలకి కథలు చెప్పే పని నాది. ఒకే కథ వందలసార్లు చెప్పి ఉంటాను. కాబట్టి చెప్పేవాళ్ల వైపు నుంచి రెండు ముక్కలు.

మొదటిది, చెప్పిన కథ చెప్పినట్టు ఉండదు. 1930లలో మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు యుగోస్లావియా వెళ్లి, చదువు రాని గాయకులు పాడే వీరగాథల్ని రికార్డు చేశాడు, తోడుగా ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్. అవ్‌దో మెజెదోవిచ్ అనే ఒక్క గాయకుడు 1935లో 12,000 పంక్తులు దాటిన పాట పాడాడు. అంత పాట కంఠతా పట్టాడనుకుంటాం. కాదు. వాళ్ల దగ్గర అలవాటైన పదబంధాలు, ఘట్టాలు ఉంటాయి, పాడేటప్పుడే అల్లుకుంటూ పోతారు. ఇంకా ముఖ్యమైంది ఏమిటంటే, గాయకులు మేం అక్షరం పొల్లుపోకుండా అదే పాట పాడాం అనేవాళ్లు, నిజాయతీగానే అనేవాళ్లు, రికార్డులు పక్కపక్కన పెట్టి వింటే తేడాలుండేవి. ఇది నాకు అనుభవమే. నేను మార్చలేదనే అనుకుంటాను, మొన్న చెప్పినప్పుడు నక్కకి కుంటి కాలు లేదే అని పిల్లలు పట్టేస్తారు.

కాబట్టి ఊసులయ్య వెళ్లిపోయాక ఆ కథ ఏమవుతుందో మీరు రాయనే లేదు. పడవమ్మాయి ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా ఉంటుందా? అంత భయం మనసులో పెట్టుకుని? పొరుగావిడకి చెబుతుంది. ఆవిడ ఇంకొకరికి చెబుతుంది, చెప్పేటప్పుడు ఒక ముక్క కలుపుతుంది. నెల తిరిగేసరికి ఊళ్లో నాలుగు రకాల కథలు తిరుగుతుంటాయి, ఒకదాంట్లో పడవ మునుగుతుంది, ఒకదాంట్లో కొట్టుకుపోతుంది. విధి నోటిమాట అయినప్పుడు వీటిలో ఏది విధి? ఆయన చెప్పిందా, ఆఖరున ఎవరు చెబితే అదా? ఇక్కడ టెన్షన్ కావలసినంత దొరుకుతుంది మీకు. ఊరివాళ్లు చెడ్డవాళ్లు కాదు, మాట్లాడుకుంటారు, అంతే, కానీ మాట్లాడుకుంటూ ఆ పిల్ల బతుకుని ఒక పక్కకి తోస్తున్నారు.

రెండోది, నియమాలు పోగెయ్యకండి. ఇక్కడ మేం ఒక్కొక్కరం ఒక్కో నియమం ఇచ్చాం. అన్నీ పెడితే దేవుడు పోయి చట్టం మిగులుతుంది. ఒక్కటి పట్టుకోండి. నన్నడిగితే, ఆయన ముగింపు దాకా ఉండలేడు అన్నదాన్నే పట్టుకోండి, మిగతావన్నీ దాంట్లోంచి రాలిపడతాయి. ఇంకొకటి, ఆ అన్నని తీసెయ్యండి. సరిగ్గా అదే రాత్రి సరిగ్గా అతనే రావడం, అది విధి కాదు, రచయిత చెయ్యి కనబడుతోంది.


మట్టిబాట:

నాలుగు రోజులు పట్టింది, ఇప్పుడే కుదిరింది. అన్నని తీసేశాను. ఆ బాధ తీసేసినప్పుడు తెలిసింది, ఆ స్థలంలో ఎవరుండాలో. "ఎవరో తెలియని వాడు" ఎవరో ఎందుకవ్వాలి, ఆయనే ఎందుకు కాకూడదు?

ఇప్పుడు ఇలా ఉంది. ఊసులయ్య ఆ ఊరు వదిలి వెళ్లిపోయాక ఏటి అవతల ఊళ్లన్నీ తిరిగాడు. వరద వచ్చింది. అవతలి ఒడ్డు విరుగుతోంది, పోవడానికి దారి లేదు, రాత్రి. అరుస్తున్నాడు. ఇవతల పడవమ్మాయి వింటోంది. అది ఎవరి గొంతో ఆమెకి తెలియదు. తను విన్న కథలో ఉన్నది ఈ రాత్రే అని మాత్రం తెలుసు. ఊళ్లో తిరిగిన నాలుగు కథలూ ఆమెకి తెలుసు. ఒట్టు గుర్తుంది. అవన్నీ తెలిసీ పడవ తీస్తుంది. ముందు రాసినప్పుడు వేరే దారి లేక తీసింది, ఇప్పుడు తీయకపోవడానికి అన్ని కారణాలూ ఉండి తీస్తోంది. నా స్నేహితులడిగిన దానికి ఇదే నా జవాబనుకుంటున్నాను.

ఆయన ఎక్కుతాడు. ఏటి మధ్యలోకి వచ్చాక ఆయనకి తెలుస్తుంది, ఇది తను చెప్పిన కథే అని, తను అందులోనే కూర్చున్నాడని. ఇన్నేళ్లూ తెల్లారగానే లేచి వెళ్లిపోయినవాడు. నడి ఏట్లో లేచి వెళ్లడానికి లేదు. జీవితంలో మొదటిసారి ఒక కథ ముగింపు దాకా ఉండాల్సి వచ్చింది. ఆ పిల్ల అడుగుతుంది, తర్వాతేమైంది చెప్పు, నువ్వే కదా చెప్పావు అని. ఆయనకి తెలియదు. నిదానంగా గారూ, మీరు ఒప్పుకోరని తెలుసు, కానీ ఆ క్షణం కోసం నాకు తెలియని దేవుడే కావాలి. మీరిచ్చిన "మునిగిపోయిందని అన్నాడా" మాత్రం వాడుకుంటున్నాను, ఆ పిల్ల నోట పెట్టాను, దానికి మీకు చాలా థ్యాంక్స్.

పడవ కొట్టుకుపోతోంది. ఒక చెట్టు మొద్దు నీళ్లలోంచి పైకి ఉంది, దానికి కట్టుకోగలిగితే నిలబడొచ్చు. పడవలో తాడు తెగిపోయింది. ఆయన నడుముకి తాడుంది, కానీ అన్ని ముళ్లతో పొట్టిదైపోయింది, అందదు. ముళ్లు విప్పితే తాడు పొడుగవుతుంది. ఒక్కో ముడి ఒక్కో మనిషి కథ. ఇంతవరకూ ఒక్క ముడి కూడా విప్పి ఎరగడు. విప్పితే వాళ్లేమవుతారో ఆయనకే తెలియదు.

ఇంతవరకు రాశాను. చేతులు వణుకుతున్నాయి.


నిదానంగా:

నేను ఇప్పటికీ తెలిసిన దేవుణ్ణే కోరుకుంటాను. కానీ ఈ పడవ ఘట్టం అలాగే ఉంచండి. తాడు పొట్టిదవడం నాకు తోచేది కాదు. విప్పే ముళ్లలో రెండో ఊళ్లో కథ విన్న వాళ్ల ముడి కూడా ఉంటుంది కదా? వాళ్లకి చెప్పింది ఇంకా జరగలేదని మీ 4వ అధ్యాయం లోపల ఎక్కడైనా ఒక్క వాక్యం పెట్టండి, లేకపోతే ముడి విప్పినందువల్ల ఎవరికి ఏం మారిందో పాఠకుడికి తెలిసే వీలుండదు.


కంచెమీది పిట్ట:

చదువుతూ ఊపిరి బిగబట్టాను. ముందుకెళ్లండి, ఇంక ఇక్కడ మమ్మల్ని అడగకండి, రాసెయ్యండి.


పదోసారి:

ఒక్క చిన్న సంగతి చెప్పి వెళ్తాను. తాడు నీళ్లలో తడిసింది అక్కడ. తడిసిన ముడి బిగుసుకుపోతుంది, చలికి కొయ్యబారిన వేళ్లతో ఏళ్ల నాటి ముళ్లు విడవు. ఆయన పళ్లతో పట్టి లాగాలి. అంటే అంతసేపూ నోట్లో తాడుంటుంది.


మట్టిబాట:

అంటే అంతసేపూ ఆయన మాట్లాడలేడు. ఆ పిల్లే మాట్లాడాలి.

వెళ్తున్నాను, రాసుకోవాలి.